టైము చెప్పిన నేరానికి

గుమ్మలవలస సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సీలింగ్ ఫ్యాను పోయింది. పట్టపగలు మూడున్నరకి, సిబ్బంది అంతా టీకి వెళ్ళినప్పుడు, బొంతల సన్యాసి అనే మనిషి లోపలికి వెళ్ళి, టేబులు మీద కుర్చీ వేసుకుని, కుర్చీ ఎక్కి, ఫ్యాను విప్పి, భుజాన పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగింటికి తిరిగొచ్చిన సబ్‌రిజిస్ట్రారు గారికి చెమట పట్టింది. తల పైకెత్తి చూశారు. నేరుగా పోలీస్ స్టేషన్‌కి వచ్చారు.

అప్పుడు నేను ఆ స్టేషన్‌లో రైటర్ని. పేరు బగాది కూర్మారావు, హెడ్ కానిస్టేబుల్. రైటర్ దొంగల్ని పట్టుకోడు. పట్టుకున్నవాళ్ళని కాగితం మీద పెడతాడు. ఇరవయ్యేళ్ళుగా నేను చేసిన పని అదే. నా చేతిరాత బాగుంటుందని కోర్టువాళ్ళు కూడా అనేవారు.

సన్యాసిని పట్టుకోడానికి అరగంట పట్టలేదు. ఊరి చివర తన గుడిసె ముందు కూర్చుని, ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని రెక్కలకున్న దుమ్ము తుడుస్తున్నాడు. గుడిసెకి కప్పు లేదు, నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. కరెంటూ లేదు.

"దీన్నెక్కడ తగిలిద్దామని తెచ్చావురా?" అని అడిగాం.

"ముందు ఫ్యానుంటే, తరవాత కప్పు అదే వస్తాది బాబూ" అన్నాడు. తీసింది తనే అని ఒప్పుకున్నాడు. వేలిముద్ర వేయమంటే వేశాడు. ఆరింటికల్లా దొంగ దొరికాడు, సొత్తు దొరికింది, కేసు తేలిపోయింది. కంప్యూటర్లో ఎక్కించేసి ఇంటికి పోదామనుకున్నాను.

కంప్యూటరు పోనివ్వలేదు.

రెండు వారాల కిందటే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఆ నెలని "నేర మూలాల నిర్మూలన మాసం"గా ప్రకటించారు. "ఏ నేరమూ ఒక్కరి వలన జరగదు. ప్రతి నేరస్తుని వెనుక కనిపించని చేతులు అనేకం ఉండును. ఇకపై సహకరించినవారి పేర్లు లేని కేసు అసంపూర్ణ కేసుగా పరిగణింపబడును" అని అందులో ఉంది. సర్క్యులర్లు నేను చాలా చూశాను. చదివి, ఫైల్లో పెట్టి, మీద ఇంకో ఫైలు పెడతాం. కానీ ఈసారి వాళ్ళు ఆ సర్క్యులర్‌ని కంప్యూటర్లోకి ఎక్కించారు. ముద్దాయి పేజీ తరవాత "సహకరించినవారి వివరములు" అని కొత్త పేజీ వచ్చింది. ఖాళీగా వదిలేస్తే ఎర్రక్షరాలు వచ్చి ముందుకి కదలదు. "లేరు" అని కొట్టాను. లేరు గారి తండ్రి పేరు అడిగింది.

ఎస్సై తారకేశ్ గారు కొత్తగా వచ్చిన కుర్రాఫీసరు. చెడ్డవాడు కాదు, కానీ డీఎస్పీ గారి ఫోను మోగితే కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే మనిషి. ఆ నెల సహకరించినవాళ్ళ లెక్కలో సబ్‌డివిజన్ మొత్తానికి మా స్టేషన్ ఆఖరున ఉంది. ఆయన సన్యాసిని మళ్ళీ పిలిపించారు.

"నీకెవరు సాయం చేశారో చెప్పు."

"ఎవులూ నేరు బాబూ. నానొక్కడినే."

"ఆలోచించుకో. ఆఫీసులోకి వెళ్ళేముందు ఎవరితో మాట్లాడావు?"

సన్యాసి నిజాయితీగా ఆలోచించాడు. ఎవరేం అడిగినా కాదనలేని స్వభావం అతనిది.

"వాచీల కొట్టు నరసింగాన్ని టైమెంతయిందని అడిగినాను. మూడున్నరయింది అన్నాడు. ఆఫీసోళ్ళు టీకి ఎల్లే ఏల అదే కదా అని ఎల్లినాను."

ఎస్సై గారు నా వైపు చూశారు. నేను పేరు కొట్టాను. తండ్రి పేరు నాకు తెలుసు. పేజీ ముందుకి కదిలింది.

పొట్నూరు నరసింగానిది బస్టాండు ఎదురుగా పాత బీరువా అంత కొట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక కంటికి భూతద్దం బిగించుకుని అందులో కూర్చుని వాచీలు బాగుచేసేవాడు. బస్టాండులో గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. అప్పట్నుంచి బస్టాండుకి గడియారం అతనే. రోజుకి వందమంది టైము అడిగితే వందసార్లూ తల ఎత్తకుండా చెప్పేవాడు. అడిగినవాడి మొహం కూడా చూసేవాడు కాదు. మధ్యాహ్నం భార్య పైడమ్మ క్యారేజీ తెస్తే, అదే కొట్టులో ఓ మూల ఒదిగి తినేవాడు.

స్టేషన్‌కి రమ్మంటే ఎస్సై గారి వాచీ ఆగిపోయిందేమో అనుకుని పనిముట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు.

"సన్యాసి నిన్ను టైము అడిగాడా?" అన్నారు ఎస్సై గారు.

"అడిగేడేమో బాబూ. చానామంది అడుగుతారు."

"చెప్పావా?"

"అడిగితే చెప్తాను కదండీ."

"అతను దొంగతనానికి వెళ్తున్నాడని నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తాది బాబూ? టైమడిగేవోళ్ళు ఎందుకో చెప్పరు కదా."

"తెలుసుకోకుండా చెప్పావన్నమాట" అని ఎస్సై గారు నాతో, "రైటర్ గారూ, రాయండి. నిర్లక్ష్యంగా సరైన సమయం అందజేశాడు" అన్నారు.

నరసింగానికి అప్పటికి విషయం కొంచెం ఎక్కింది. "అయితే తప్పు టైము చెప్పాల్సిందేటి బాబూ?"

"తప్పు చెప్పుంటే నేరాన్ని ఆపినవాడివి అయ్యేవాడివి. ఇక్కడ కూర్చోబెట్టేవాళ్ళం కాదు."

నరసింగం నా వైపు చూశాడు. నా చేతికున్న వాచీ అతను బాగుచేసిందే. నేను రాసుకుంటూ ఉన్నాను.

మర్నాడు డీఎస్పీ మార్కండేయులు గారు స్వయంగా వచ్చారు. పొడుగ్గా, తెల్లటి మీసాలతో, ఎప్పుడూ మైకు ముందు ఉన్నట్టే మాట్లాడే మనిషి. నరసింగం కేసు చదివి ఎస్సై గారి భుజం తట్టారు. తరవాత మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"సహాయం అంటే ఏమిటి? ఒక కార్యం నెరవేరడానికి ఉపకరించిన ప్రతి అంశమూ సహాయమే. కొందరు అడుగుతారు, ఉద్దేశం ఉండాలి కదా అని. ఉద్దేశం మనిషి లోపల ఉంటుంది. లోపల ఉన్నది మనకి కనిపించదు. కనిపించనిదాన్ని లేదని చెప్పే అధికారం మనకెవరిచ్చారు? మీరు ఒక్క చేతిని పట్టుకున్నారు. మిగతా చేతులేవి? ఆ ఫ్యాను దానంతటది నడిచి వెళ్ళిందా?"

మిగతా చేతుల కోసం బయల్దేరాం.

ఆఫీసు అటెండరు దాలమ్మ టీకి వెళ్తూ ఫ్యాను స్విచ్ ఆపేసింది. "తిరుగుతున్న ఫ్యానుని ఎవరైనా విప్పగలరా?" అన్నారు ఎస్సై గారు. ఆమె కరెంటు ఆదా చేయమని వాళ్ళ జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చిందని చూపించింది. కాగితం మీద సంతకం చేసిన జిల్లా అధికారి పేరు కూడా ఎక్కించాం. సన్యాసి ఎక్కిన కుర్చీ నాలుగు కాళ్ళూ సమానంగా ఉండటం వల్ల అతను పడలేదు, కాబట్టి ఆ కుర్చీ చేసిన వడ్రంగి వచ్చాడు. ఫ్యానుతో ఎదురొస్తున్న సన్యాసికి పక్కకి తప్పుకుని దారిచ్చినవాళ్ళు పదిహేడు మంది. "బరువా?" అని పలకరించినవాళ్ళు ముగ్గురు. వీళ్ళు మానసిక ధైర్యం అందించిన పద్దు కిందకి వచ్చారు. చూసి కూడా ఆపనివాళ్ళు అరవై మంది. చూడకపోవడం వల్ల ఆపలేకపోయినవాళ్ళు ఇంకో నూట ఇరవై తొమ్మిది. కేసు పెట్టిన సబ్‌రిజిస్ట్రారు గారిని ఆఖర్న పిలిచాం. ఫ్యాను కొనమని మూడేళ్ళ కిందట పైకి రాసింది ఆయనే. ఫ్యానే లేకపోతే దొంగతనం ఎక్కడిదని ఎస్సై గారు అడిగితే, ఆయన ఒక నిమిషం ఆలోచించి, "నిజమేనండి, ఆ కోణంలో చూడలేదు" అన్నారు. ప్రభుత్వోద్యోగి కదా, తర్కం తొందరగా అర్థమైంది.

మొత్తం రెండు వందల పధ్నాలుగు మంది. మా స్టేషన్ జిల్లాలో మొదటి స్థానానికి వచ్చింది. డీఎస్పీ గారు స్వీట్లు పంపారు. ఆ స్వీట్ల కొట్టాయన నూట ముప్ఫయ్యో ముద్దాయి.

అందర్నీ లాకప్‌లో పెట్టడానికి చోటు లేక స్టేషన్ బెయిలు మీద వదిలాం. వదిలే ముందు ఒక్కొక్కరి దగ్గరా హామీపత్రం రాయించుకోవాలన్నారు. అందులో ముఖ్యమైన వాక్యం డీఎస్పీ గారు స్వయంగా చెప్పారు, నేను రాశాను. "సహాయము పొందిన వ్యక్తి తదుపరి ఏ నేరము చేయునో ముందుగా తెలియదు గనుక, ఈ కేసు తేలేవరకు నేను ఏ వ్యక్తికిని, ఏ రూపమునను సహాయము చేయనని హామీ ఇచ్చుచున్నాను." రెండు వందల పధ్నాలుగు కాపీలు. నరసింగం తన కాగితం రెండుసార్లు చదువుకుని, "మా ఆవిడకి నీళ్ళు తోడిపెట్టొచ్చా బాబూ?" అని అడిగాడు. ఎస్సై గారు డీఎస్పీ గారికి ఫోను చేశారు. పెట్టకూడదని జవాబు వచ్చింది.

ఆ రోజు నుంచి ఊరు మారిపోయింది. అడ్రసు అడిగితే మనుషులు ఆకాశంలోకి చూసేవారు. బస్సులో కండక్టరు చిల్లర ఇచ్చేటప్పుడు "నేనేం ఇవ్వలేదు, మీరే తీసుకున్నారు" అని పైకి వినపడేలా చెప్పేవాడు. బడిలో మాష్టారు సమాధానాలు చెప్పడం మానేసి ప్రశ్నలు మాత్రం రాసేవారు. దొరికిన ఫ్యానుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి తిరిగి పంపాం గానీ బిగించడానికి ఎలక్ట్రీషియను రాలేదు. మళ్ళీ ఎవరైనా ఎత్తుకుపోతే, బిగించినవాడి గతేంటన్నాడు. నరసింగం కొట్టులో గోడ గడియారాలన్నీ మొహం గోడ వైపు తిప్పి ఉండేవి. ఎవరైనా టైము అడిగితే తల ఎత్తి, మొట్టమొదటిసారి అడిగినవాడి మొహం చూసి, తల దించుకునేవాడు.

నా పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. రాసేది నేనే కదా.

మే నెల మొదటి వారంలో ఒక రోజు నాకు బస్టాండులో డ్యూటీ పడింది. పన్నెండు దాటింది. పల్లె బస్సు దిగిన ఒక ముసలాయన పచ్చిమామిడి కాయల సంచి భుజాన వేసుకుని నాలుగడుగులు వేసి, తూలి, పడిపోయాడు. కాయలు రోడ్డు మీద దొర్లాయి. ఎండదెబ్బ. నోట్లోంచి నురుగు వస్తోంది.

నలభై మంది చుట్టూ మూగారు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. ముందుకి పెడితే సాయానికి సిద్ధపడుతున్నట్టు కనిపిస్తుందని. ఒక్క మామిడికాయ కూడా ఎవరూ తీయలేదు. ఒక కాయ నా బూటు దాకా దొర్లుకొచ్చి ఆగింది. నేనూ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను. నాకు రిటైర్మెంటుకి రెండేళ్ళుంది.

నరసింగం భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కొట్టులోంచి దిగి వచ్చి, జనాన్ని తోసుకుని, ముసలాయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు తడిపి మొహం తుడిచాడు. సోడా అడిగితే కొట్టువాడు ఇవ్వలేదు, కానీ మొహం అటు తిప్పుకున్నాడు. నరసింగమే తీసుకున్నాడు. ఆటోవాడు బండి దిగి దూరంగా వెళ్ళి నిలబడి, "తాళం దానికే ఉంది, నేను చూట్లేదు" అన్నాడు. నరసింగానికి ఆటో నడపడం రాదు. అరటిపళ్ళ తోపుడుబండి ఖాళీగా ఉంటే ముసలాయన్ని దాని మీదకి ఎత్తాడు. ఒక్కడే ఎత్తాడు. బండి తోసుకుంటూ నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

"రైటర్ గారూ, ఈయన కాళ్ళు కాస్త పైకి పెట్టండి. జారిపోతన్నాయి."

నేను కదల్లేదు.

అతను నా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. కోపం లేదు. టైము అడిగినవాళ్ళ వైపు చూసినట్టే చూశాడు. తరవాత తనే వెనక్కి వచ్చి, ఆ కాళ్ళు బండి మీదకి సర్ది, అరకిలోమీటరు తోసుకుంటూ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు గారు తరవాత అన్నారట. మెల్లగా అన్నారట.

సాయంత్రం ఎస్సై గారు అడిగారు, "హామీ ఉల్లంఘన జరిగిందని తెలిసింది. ఎవరైనా చూశారా?"

నలభై మంది చూశారు. కానీ నలభై మందీ ముద్దాయిలే. కేసులో లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

"నేను చూశాను సార్" అన్నాను.

"రాయండి."

రాశాను. "సదరు ముద్దాయి, హామీని లెక్కచేయక, గుర్తు తెలియని వృద్ధునికి ప్రాణము నిలుపు విధముగా సహాయము చేయుచుండగా నేను స్వయముగా చూచితిని." నా చేతిరాత ఎప్పటిలాగే బాగా వచ్చింది.

నరసింగాన్ని పదకొండు రోజులు సబ్‌జైల్లో పెట్టారు. రెండోరోజు పైడమ్మ క్యారేజీ పట్టుకుని స్టేషన్ మెట్ల దగ్గర నిలబడింది. ఆమె గుమ్మలవలస దాటి ఎన్నడూ ఒంటరిగా వెళ్ళలేదు.

"సబ్‌జైలుకి ఏ బస్సెక్కాలి బాబూ?" అని నన్ను అడిగింది.

ముద్దాయి భార్యకి దారి చెప్పడం ఏ పద్దు కిందకి వస్తుందో నాకు తెలుసు. ఆ పద్దులు గీసింది నేనే.

"తెలీదమ్మా" అన్నాను.

ఆమె బస్టాండుకి వెళ్ళి అందర్నీ అడిగింది. అందరూ ఆకాశంలోకి చూశారు. ఆమెకి చదువు రాదు, బోర్డులు చదవలేదు. మూడు రోజులపాటు పొద్దున్నే క్యారేజీ కట్టుకుని వచ్చి, ఒక్కో రోజు ఒక్కో బస్సెక్కి, ఎక్కడో దిగి, తిరిగి వచ్చింది. నాలుగోరోజు సరైన బస్సు దొరికింది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. రోజూ స్టేషన్ కిటికీలోంచి చూశాను.

కేసు కోర్టుకి వచ్చిన రోజు హాలు చాల్లేదు. ముద్దాయిల్ని ఆవరణలో షామియానా వేసి కూర్చోబెట్టారు. మేజిస్ట్రేట్ గారు నలభై ఏళ్ళ ఆవిడ, ఎక్కువ మాట్లాడరు. ఛార్జిషీటు రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, ప్రభుత్వ వకీలు శరభయ్య గారిని అడిగారు.

"మొత్తం ఎంతమంది?"

"సన్యాసి కాక రెండు వందల పధ్నాలుగు మందండి."

"సాక్షులు?"

శరభయ్య గారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. "దొంగతనానికి సాక్షులు లేరండి. చూసినవాళ్ళంతా ఆపనందుకు ముద్దాయిలయ్యారండి."

"ఫిర్యాదుదారు?"

"రెండు వందల పధ్నాలుగో ముద్దాయండి."

"మరి వీళ్ళు సాయం చేశారని ఎవరు చెప్తారు?"

శరభయ్య గారు డీఎస్పీ గారితో గుసగుసలాడి వచ్చారు. "ముద్దాయిల్లో నేరం పూర్తిగా ఒప్పుకున్నవాణ్ణి క్షమించి, అప్రూవరుగా మార్చి, మిగతావాళ్ళ మీద సాక్ష్యం చెప్పించే వీలుందండి."

"ఒప్పుకున్నదెవరు?"

"సన్యాసి ఒక్కడేనండి."

మేజిస్ట్రేట్ గారు పెన్ను కింద పెట్టారు. "అంటే రెండు వందల పధ్నాలుగు మందిని శిక్షించడానికి దొంగని వదిలేయమంటున్నారు."

"విస్తృత ప్రజాప్రయోజనం దృష్ట్యానండి" అన్నారు వెనకనుంచి డీఎస్పీ గారు.

దరఖాస్తు చట్టప్రకారమే ఉంది. ఆవిడ సంతకం పెట్టారు. సన్యాసి బోనులోంచి దిగి సాక్షి స్థానంలోకి ఎక్కాడు. ఎస్సై గారు కొనిపెట్టిన కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు.

"వీళ్ళందరూ నీకు సాయం చేశారా?" అని అడిగారు శరభయ్య గారు.

"సేసినారంటండి."

"అంటండి కాదు. చేశారా, లేదా?"

"సేసే ఉంటారండి. ఆళ్ళు సేసినట్టు నాకు తెలీదండి. నాను దొంగతనానికి ఎల్తన్నానని ఆళ్ళకీ తెలీదండి. తెలిస్తే నరసింగం నా నడ్డి ఇరగ్గొట్టీవోడు."

షామియానా కింద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మేజిస్ట్రేట్ గారు ఆర్డరు అక్కడే చెప్పారు. పావుపేజీ. నేరం జరగబోతోందని తెలిసి, జరగాలని కోరి చేస్తేనే అది నేరానికి సాయం, తెలియక చేసింది బతకడం అన్నారు. రెండు వందల పధ్నాలుగు మందినీ వదిలేశారు. సన్యాసిని అంతకుముందే క్షమించేశారు. కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఫ్యానుని చట్టప్రకారం ఎవరూ దొంగిలించలేదు.

తరవాత ఆవిడ నరసింగం హామీ ఉల్లంఘన కాగితం తీశారు. "ఇది రాసిందెవరు?"

లేచాను.

"చదవండి."

చదివాను. "ప్రాణము నిలుపు విధముగా" దగ్గర వరస తప్పాను. మొదటి నుంచి మళ్ళీ చదివాను.

"మీరు అక్కడ ఎంత దూరంలో ఉన్నారు?"

"పక్కనేనండి."

"ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నానండి."

ఆవిడ కాగితం మడిచి పక్కన పడేశారు. కూర్చోమని కూడా అనలేదు. కోర్టు అయిపోయేదాకా నేను నిలబడే ఉన్నాను.

వారం తరవాత నరసింగం కొట్టుకి వెళ్ళాను. ఏదో ఒకటి చెప్పాలని వెళ్ళాను. చెప్పలేక, చేతికున్న వాచీ విప్పి బల్ల మీద పెట్టి, సరిగ్గా నడవట్లేదన్నాను. నడుస్తూనే ఉంది. అతను వెనక మూత తీసి, చూసి, ఊది, నూనె చుక్క వేసి తిరిగిచ్చాడు. "బానే ఉంది రైటర్ గారూ. కొంచెం బిగుసుకుంది, అంతే." పక్కన పైడమ్మ క్యారేజీ విప్పుతోంది. "తింటారా బాబూ?" అని అడిగింది. నేను పని ఉందని చెప్పి వచ్చేశాను.

కేసు కొట్టేసినందువల్ల మా స్టేషనుకి నష్టమేమీ జరగలేదు. ఎంతమంది మీద కేసు పెట్టామన్నదే పైవాళ్ళ లెక్క. ఎంతమందికి శిక్ష పడిందన్న పేజీ కంప్యూటర్లో లేనే లేదు. మాసోత్సవాన్ని సంవత్సరానికి పొడిగించారు. మార్కండేయులు గారికి ప్రమోషను వచ్చింది. వెళ్ళేముందు కల్యాణమండపంలో సభ పెట్టి, పౌరులందరూ విధిగా హాజరుకావాలన్నారు. అయ్యారు.

ఆ సభలో కొత్తగా ఒక పురస్కారం ప్రకటించారు. దాని పేరు "నిస్సహాయ రత్న". గుమ్మలవలసలో ఏ నేరానికీ, ఏ వ్యక్తికీ, ఏ రూపంలోనూ సహాయం చేసినట్టు రికార్డులో లేని ఏకైక పౌరుడికి ఇస్తారట. రికార్డు వెతికితే నేనొక్కణ్ణే తేలాను.

వేదిక ఎక్కమన్నారు. ఎక్కాను. శాలువా కప్పారు. డీఎస్పీ గారు మైకులో ప్రశంసాపత్రం చదివారు. "ఒక వృద్ధుడు కళ్ళెదుట కూలిపోయిన సందర్భంలో కూడా చలించక, ముద్దాయి స్వయంగా అర్థించినప్పటికీ చేయి కదపక, విధి నిర్వహణలో నిశ్చలత్వానికి నిదర్శనంగా నిలిచిన శ్రీ బగాది కూర్మారావు గారిని..." నా ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది. దాలమ్మ ఉంది, సోడాకొట్టువాడు ఉన్నాడు, సన్యాసి అదే తెల్లచొక్కాలో ఉన్నాడు. రెండో వరసలో చివర నరసింగం, పక్కన పైడమ్మ.

పత్రం నా చేతిలో పెట్టి డీఎస్పీ గారు చప్పట్ల కోసం ఆగారు.

ఎవరూ కొట్టలేదు. చప్పట్లు ప్రోత్సాహం కిందకి వస్తాయని భయపడ్డారో, కొట్టాలనిపించలేదో నాకు తెలీదు. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను పత్రం పట్టుకుని తల దించుకున్నాను. ఆ నిమిషం ఎంతకీ గడవలేదు.

అప్పుడు ఎక్కడో ఒక్కరు కొట్టారు. మెల్లగా, రెండు చేతులతో, ఆగకుండా. నన్ను మెచ్చుకోడానికి కాదని వినగానే తెలిసింది. అంతమంది ముందు ఒక మనిషి అలా ఒంటరిగా నిలబడి ఉంటే చూడలేక కొట్టినట్టుంది. తల ఎత్తాను. నరసింగం.

పక్కనున్న ఎస్సై గారు నా వైపు వంగి, పెదవులు కదలకుండా అన్నారు, "రైటర్ గారూ, ఎవరది? పేరు రాసుకోండి."

"పెన్ను లేదు సార్" అన్నాను.

చొక్కా జేబులో రెండున్నాయి.